టైటానియం రేకు మీద నానో గొట్టాలు: మూడు ఆదివారాల లెక్క

మొదటి ఆదివారం

టైటానియం రేకును ఒక ద్రావణంలో ముంచి కరెంటు పంపి, దాని మీద కంటికి కనిపించనంత సన్నటి ఆక్సైడ్ గొట్టాలు పెంచడం, ఇదీ పని. పనంతా నా స్నేహితుడు పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) కింద. ఇంట్లో చెయ్యను, మీరూ చెయ్యొద్దు. ఇందులో ఫ్లోరైడ్ ఉంది, చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోయినా లోపలికి ఇంకిపోతుంది. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన పెట్టుకున్నాకే సీసా మూత తీశాం. ఫ్లోరైడ్ గాజును కూడా తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బీకరు.

ఇథిలీన్ గ్లైకాల్ 98 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 2 మి.లీ., అమ్మోనియం ఫ్లోరైడ్ 0.33 గ్రాములు. ఫ్లోరైడ్‌ను ముందు ఆ కాసిని నీళ్లలో కరిగించి, తర్వాత గ్లైకాల్‌లో పోస్తే త్వరగా కలుస్తుంది. ప్లస్‌కు టైటానియం రేకు, మైనస్‌కు గ్రాఫైట్ కడ్డీ, మధ్య దూరం 2 సెం.మీ. 30 వోల్టుల సప్లైలు రెండు సిరీస్‌లో కలిపి 60 వోల్టులు. రేకును పట్టుకున్న క్లిప్ ద్రావణానికి తగలకూడదు.

స్విచ్ వేశాక నా చూపంతా మల్టీమీటరు మీదే. కరెంటు 28 మిల్లీ ఆంపియర్ల నుంచి జారుతూ 6కి వచ్చింది. లోహం మీద గట్టి ఆక్సైడ్ పొర కమ్ముకుని కరెంటుకు అడ్డం పడుతోందన్నమాట. తర్వాత మెల్లగా 8కి ఎక్కింది. నేను ఎదురుచూసింది దీనికోసమే! ఫ్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ కరిగించి గుంటలు పెడుతోంది. గుంట అడుగున పొర పలచన, అక్కడే విద్యుత్ క్షేత్రం ఎక్కువ, అందుకే అక్కడే ఇంకా లోతుకు తొలుస్తుంది. పక్కపక్క గుంటలు చోటు కోసం పోటీపడి చివరికి సమాన దూరాల్లో సర్దుకుంటాయి. అడుగున కొత్త ఆక్సైడ్ పుట్టే వేగం, కరిగే వేగం సమానమయ్యాక కరెంటు నిలకడగా ఉంటుంది.

మరి తేనెపట్టులా కలిసి ఉండక, విడివిడి గొట్టాలు ఎందుకవుతాయి? ఫ్లోరైడ్ అయాన్లు పొరలోకి ఆక్సిజన్ అయాన్ల కంటే వేగంగా చొచ్చుకుపోయి, ఒక గుంటకూ పక్క గుంటకూ మధ్య సరిహద్దుల్లో పేరుకుంటాయి. ఆ సరిహద్దును నీళ్లు కరిగించేస్తాయి. ఆ 2 మి.లీ. నీళ్ల పని ఇంతుంది. 1999లో జ్విల్లింగ్ అనే పరిశోధకురాలి బృందం నీటి ద్రావణంలో ఇలాంటి గొట్టాలు చేసినప్పుడు పొట్టి గొట్టాలే వచ్చాయి. చిక్కటి గ్లైకాల్‌లో పైమూతి తొందరగా కరగదు కాబట్టి పొడవు మైక్రాన్లలోకి పెరుగుతుంది.

రెండు గంటల తర్వాత తీసి నీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఆరుతుండగానే పొర పొలుసుల్లా లేచిపోయింది. నిజంగా మనసు చివుక్కుమంది.

రెండో ఆదివారం

రేకు కొత్తది, ద్రావణం మాత్రం పాతదే. ఒకసారి వాడిన ద్రావణంలో పొర గట్టిగా పట్టుకుంటుంది. ఈసారి నీళ్ల బదులు ఇథనాల్‌లో ముంచి, కదపకుండా ఆరనిచ్చాను. ఇథనాల్‌కు తలతన్యత తక్కువ, ఆరేటప్పుడు గొట్టాలను నీళ్లంతగా లాగదు. పొర నిలిచింది. బూడిద రంగు, మెరుపు లేదు, వేలితో రాస్తే ఊడలేదు.

మూడో ఆదివారం

అప్పటికప్పుడు వచ్చేది స్ఫటిక రూపం లేని ఆక్సైడ్. ఫర్నేసులో 450 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే అనటేజ్‌గా, అంటే టైటానియం ఆక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకదానిగా, మారుతుంది. ఎండ తగిలితే అది రంగును విరగ్గొడుతుందా అని చూడ్డానికి, తర్వాత రెండు గిన్నెల్లో పలచటి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు పోసి, ఒకదాంట్లో ఈ రేకు, ఇంకోదాంట్లో మామూలు టైటానియం రేకు వేసి ఎండలో పెట్టాం. మధ్యాహ్నం మూడింటికి గొట్టాలున్న గిన్నెలో నీలం బాగా వెలిసింది. రెండో గిన్నెలో కూడా ఎండకు కొంచెం తగ్గింది, కానీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టం.

వచ్చే వారం ఇదే ద్రావణంలో 40 వోల్టులు. వోల్టేజీ తగ్గితే గొట్టం సన్నబడుతుంది.