పొయ్యి దగ్గరి పోకరు, కేప్ క్లబ్ రాజదండం

18వ శతాబ్దంలో స్కాట్లాండ్ రాజధాని ఎడింబరోలో సాయంత్రం కాగానే మద్యశాలల్లో కూడి పాటలతో, కబుర్లతో పొద్దుపుచ్చే క్లబ్బులు చాలా ఉండేవి. వాటిలో 1764లో లాంఛనంగా ఏర్పడిన కేప్ క్లబ్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. సావరిన్ అని పిలిచే అధ్యక్షుడు ధరించే ఒక టోపీ, రాజదండాలుగా వాడిన రెండు పెద్ద ఉక్కు పోకర్లు ఆ క్లబ్బు అధికార చిహ్నాలు. పోకరంటే చలిదేశపు ఇళ్లలో బొగ్గును కదిపి మంటను ఎగదోసే కడ్డీ. పేరుకు కూడా అంతే సామాన్యమైన కథ ఉంది: కాల్టన్ ప్రాంతంలో కాపురమున్న ఒక సభ్యుడు రాత్రివేళ ఇల్లు చేరడానికి లీత్ వైండ్ అనే సందు మలుపు తిరగవలసి వచ్చేదట, ఆ నడకను మిత్రులు ఓడ ‘కేప్’ను, అంటే సముద్రంలోకి చొచ్చుకువచ్చిన నేల కొనను, చుట్టి రావడంతో పోల్చేవారట.

కొత్తగా చేరేవాడు పెద్ద పోకరును ఎడమచేత పట్టుకొని, కుడిచేయి గుండెపై ఉంచి, రాత్రింబవళ్లు నమ్మకమైన నైటుగా, అంటే ‘సర్’ బిరుదు పొందిన వీరుడిగా, ఉంటానని ప్రమాణం చేసేవాడు. ఆ ప్రమాణం చివర దైవనామం రావలసిన చోట పోకరు పేరే వచ్చేది. అటుపైన సావరిన్ రెండో పోకరుతో అతని తలను మూడుసార్లు తాకుతూ, ‘సోదరుల ఐకమత్యమే శోభ’ అనే అర్థమిచ్చే లాటిన్ సూక్తిలోని మూడు తొలి అక్షరాలను పలికి, ఒక బిరుదు ప్రసాదించేవాడు. చిత్రకారుడు అలెగ్జాండర్ రన్సిమన్ ఆ విధంగా ‘సర్ బ్రిమ్‌స్టోన్’ అయ్యాడు.

ఈ తంతును కేవలం పరిహాసమని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. 1744లో ఎడింబరో నగర మండలి గోల్ఫ్ ఆటగాళ్లకు బహూకరించిన వెండి కర్ర కూడా గొప్ప వస్తువే, కానీ దానికి తగిలించే వెండి బంతి గెలిచినవాడిది మాత్రమే. పోకరునైతే చేరిన ప్రతివాడూ, నటుడైనా, చేతిపనివాడైనా, ఒకే తీరుగా పట్టుకోవలసిందే.

దస్తావేజులకు నకళ్లు రాసి పొట్టపోసుకున్న కవి రాబర్ట్ ఫెర్గుసన్ 1772 అక్టోబరులో ఆ పోకరు పట్టాడు. మంచి గాత్రం ఉన్నవాడు కనుక, చర్చిలో కీర్తన ఎత్తుకొనే గాయకుడి పేరిట అతనికి ‘సర్ ప్రిసెంటర్’ అనే బిరుదు దక్కింది. మరుసటి ఏడు ‘ఆల్డ్ రీకీ’ కావ్యంలో అతడు క్లబ్బును పేరుపెట్టి తలచుకున్నాడు. 1774లో అతని మనసు చెదిరి, బతుకు దుర్భరమైనప్పుడు, ఒక ఉత్సవానికి రాని సభ్యుల నుంచి వసూలైన జరిమానా సొమ్ములో మిగిలినదాన్ని కష్టంలో ఉన్న ఒక యువ సభ్యుడికి ఇవ్వాలని క్లబ్బు తీర్మానించింది. ఆ యువకుడు ఫెర్గుసనే. అదే ఏడాది అక్టోబరులో, 24 ఏళ్ల వయసులో, అతడు పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు.