పేపర్లో పడ్డ పేరు

ఆదివారం. మినప్పప్పు నానబోసి, బట్టలు ఆరేసి, ల్యాప్‌టాప్‌లో ‘వాటర్‌లూ బ్రిడ్జ్’ పెట్టాను. 1940 నాటి సినిమా, హీరోయిన్ వివియన్ లీ కోసమే. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కన చేరింది. ఇంగ్లీషు రాకపోయినా కథ నాకంటే ముందే పట్టేస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం. లండన్‌లో సైరన్ మోగుతుంటే వంతెన మీద కెప్టెన్ రాయ్‌కి బాలే డాన్సర్ మైరా కనిపిస్తుంది. మర్నాడే పెళ్ళికి చర్చికి పరిగెత్తుతారు. మధ్యాహ్నం మూడు దాటితే చట్టం ఒప్పుకోదంటాడు ఫాదర్. రేపు చేసుకుందాం అనుకునేలోపు అతనికి యుద్ధానికి పిలుపు. “ముహూర్తం చూసుకోరా ముందు?” అంది అమ్మ.

కొవ్వొత్తుల డాన్స్ గురించి అందరూ చెప్తారు. బాగుంది. నాకు మాత్రం టీ హోటల్ సీను వదల్లేదు. మైరా కాబోయే అత్తగారి కోసం ఎదురుచూస్తూ పేపరు తిరగేస్తుంటే, చనిపోయినవాళ్ళ జాబితాలో రాయ్ పేరు. అంతలో ఆవిడ రానే వచ్చింది. కొడుకు పోయాడని ఆ తల్లికి ఈ పిల్ల ఎలా చెప్తుంది? పిచ్చి పిచ్చిగా ఏదో మాట్లాడుతుంది, ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంది. ఆ రెండు నిమిషాలూ వివియన్ లీ నవ్వడానికి పడే అవస్థ చూడాలి!

ఆ తర్వాత తిండి లేక మైరా ఒళ్ళమ్ముకోవాల్సి వస్తుంది. ఆ మాట సినిమాలో ఎక్కడా పలకరు, అప్పటి హాలీవుడ్ సెన్సారు అలాంటిది. స్టేషన్లో దిగుతున్న సైనికుల్ని రంగు పెదవులతో పలకరిస్తూ ఉంటే, వాళ్ళలో రాయ్! గుర్తింపు బిళ్ళ పోయి, శత్రువులకు ఖైదీగా చిక్కాడట.

జరిగింది రాయ్‌కి చెప్పలేక, చివరికి మైరా అదే వంతెన మీద మిలిటరీ లారీలకు ఎదురెళ్తుంది. నాకు ఒళ్ళు మండింది. కాలు జారిన ఆడది కథలో బతక్కూడదన్నమాట. రాయ్ మాత్రం తల నెరిసేదాకా బతికి, ఆమె ఇచ్చిన తాయెత్తు బొమ్మ పట్టుకుని నిట్టూరుస్తాడు. పేపర్లో పడ్డ తప్పుకి సంజాయిషీ ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

“నువ్వైతే అతనికి చెప్పేసేదానివా?” అని అడిగాను.

“అది తర్వాత సంగతి. ముందు ఆ పేపరాఫీసుకి వెళ్ళి నాలుగు దులిపేదాన్ని” అంది అమ్మ, చిక్కుడుకాయల గిన్నె నా వైపు తోస్తూ.