చేతుల కంటే ముందు నడుము

పదకొండేళ్ల మా అమ్మాయికి సాఫ్ట్‌బాల్‌లో బ్యాటింగ్ నేర్పుతూ తొలి వారమంతా ఆమె చేతులనే గమనించాను. లోపం పాదాల దగ్గర ఉందని ఆలస్యంగా గ్రహించాను. బంతి రాకముందే ఆమె బరువంతా ముందు కాలి మీదకు చేరేది. అందువల్ల నడుము తిరగడానికి బలం మిగలక, కేవలం చేతులతో బ్యాట్‌ను తోసేది.

బంతిని టీ (బంతిని కదలకుండా నిలిపే నిలువు స్టాండు) మీద నిలిపి, వెనుక కాలి మీద బరువు ఉంచుకోవడం, ముందు పాదాన్ని మెల్లగా నేలకు ఆనించడం, ఆ తర్వాతే తుంటిని తిప్పడం, చివరగా చేతులను కదిలించడం అనే క్రమాన్ని నెమ్మదిగా సాధన చేయించాను. వెనుక పాదంతో పురుగును నలిపినట్టు తిప్పమని చాలామంది శిక్షకులు చెప్పే మాటే నేనూ చెప్పాను. దాంతో ఆమె బరువు వెనుకే చిక్కుకుపోయింది కనుక, రెండు రోజులకే ఆ మాట మానుకున్నాను.

మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచర్ 43 అడుగుల దూరం నుంచే బంతి విసురుతుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. సాఫ్ట్‌బాల్‌లో బంతి దగ్గర నుంచే వస్తుంది గనుక దొరికే అంత తక్కువ వ్యవధిలో చేతులు చాచి పెద్ద వలయంగా బ్యాట్ తిప్పితే బంతి దాటిపోతుంది కాబట్టి, చేతులను ఒంటికి దగ్గరగా ఉంచడం మీదే ఎక్కువ రోజులు గడిపాము. ఆమె విసుక్కునేది, నిజానికి నేనూ విసుక్కునేవాణ్ణి.

నిన్న సాయంత్రం బంతి బ్యాట్‌కు సరిగ్గా తగిలి దూరంగా వెళ్లింది. "నాన్నా, ఈసారి చేతులు జివ్వుమనలేదేం?" అని అడిగింది.