పర్లాకిమిడిలో చౌధరి గారి కోసం

టెక్కలిలో ఎక్కిన బస్సు పాతపట్నంలో దింపేసింది. పర్లాకిమిడి దాకా టికెట్ కొట్టిన మనిషే ఇప్పుడు తీరిగ్గా "ఇక్కడి నుంచి ఆటోలుంటాయి" అన్నాడు. మిగిలిన డబ్బులు అడిగితే వినపడనట్టు రైట్ రైట్ అన్నాడు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. ఆ గీత ఖరీదు నా జేబుకు ఆ రోజు తెలిసింది.

ఇంతకీ వెళ్లింది రాజుగారి కోట చూడడానికి కాదు. అమ్మ దగ్గర అట్ట ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి ఉంది. ప్రతి కీర్తన పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు. చిన్నప్పుడు ప్రసంగం సాగుతూ ఉంటే నేను ఆ పేర్లు లెక్కపెట్టుకునేవాడిని. మాటిమాటికీ తగిలే పేరు పురుషోత్తమ చౌధరి. 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం, వంగదేశపు మూలాలు. 1833లో బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తిరిగి సువార్త చెబుతూ నూటికి పైగా తెలుగు కీర్తనలు కట్టారు. 1890లో కన్నుమూశారు. "త్రాహిమాం క్రీస్తునాథ" అని మా అమ్మ వంటింట్లో పాడుతుంటే అది ఏదో గుడిలో వినవలసిన పాటలా ఉండేది. మా చర్చిలో ఇప్పుడు కీబోర్డు వచ్చింది, రాగాల పేర్లు ఎవరూ చూడరు.

ఆటో అతను "చౌధరి గారా? నాకు తెలుసు సార్" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బజారు దాటించి, రెండు సందులు తిప్పి, ఒక బట్టల కొట్టు ముందు ఆపాడు. బోర్డు మీద ఒడియాలో ఏదో రాసి ఉంది. లోపల గల్లాపెట్టె దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దమనిషి. చౌధరి గారే, కాకపోతే వేరే చౌధరి.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన తెలుగు బాగా మాట్లాడతారు, ఆ ఊళ్లో అది వింతేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కదా.

"పురుషోత్తమ చౌధరి... ఆయన వ్యాపారం ఏమిటి బాబూ?"

"పాటలండి."

"పాటలా?" అని కాసేపు ఆలోచించి, "మా వాళ్లలో పాటలు కట్టినవాళ్లు ఎవరూ లేరే" అన్నారు, కాస్త నొచ్చుకున్నట్టుగా. కూర్చోమన్నారు. టీ తెప్పించారు. పాడమన్నారు. నా గొంతు నాకు తెలుసు కనుక ఫోనులో అమ్మ పాడింది వినిపించాను. మధ్యలో కుక్కరు కూత, "ఒరేయ్, గ్యాస్ కట్టెయ్" అన్న కేక కూడా ఉన్నాయి. పెద్దాయన ఆ కేకకు నవ్వలేదు. బట్టలు కొలిచే ఇనుప బద్దను బల్ల మీద మెల్లగా తడుతూ తాళం పట్టుకున్నారు. రెండో చరణానికి తాళం తప్పింది, తప్పింది అమ్మ. ఆయన బద్ద ఎత్తి ఆగి, అమ్మ అందుకున్నాక మళ్లీ మొదలుపెట్టారు.

"త్రాహిమాం అంటున్నారే, క్రైస్తవుల పాట అన్నారు?"

"అవునండి."

"మరి ఇలాగే కదా మేమూ అడిగేది" అన్నారు, నా మీద ఏదో అనుమానం తీరనట్టు.

అంతసేపు కూర్చుని ఊరికే లేవడం బాగుండదని ఒక తువ్వాలు కొన్నాను. నూట ఎనభై రూపాయలు. మా ఊళ్లో నూట ఇరవైకి వస్తుంది, బేరమాడడానికి నోరు రాలేదు. బయట ఆటో అతను వెయిటింగ్ చార్జీ అరవై అన్నాడు. తప్పు చౌధరి దగ్గరికి తీసుకొచ్చినందుకా అంటే, "మీరు ఏ చౌధరి అని అడగలేదు కదా సార్" అన్నాడు.

మధ్యాహ్నం రెండు చర్చిలకు వెళ్లాను. ఒకటి తాళం వేసి ఉంది. రెండో దానిలో తుడుస్తున్న ఆవిడకు పాట వచ్చు, రాసింది ఎవరో తెలియదు. ఆయన ఈ చుట్టుపక్కలవారే అంటే చీపురు ఆపి, "ఇక్కడివారా? నిజంగా?" అని మూడుసార్లు అడిగింది.

తువ్వాలు మొదటి ఉతుకులోనే రంగు వదిలింది. అమ్మ తెల్ల చీర నీలమైంది.