మనమా, మేమా?

వేసవి సెలవులకు గుంటూరు వస్తూ మా అమ్మాయి హ్యూస్టన్ నుంచి ఒక హోంవర్క్ మోసుకొచ్చింది. 1962 సెప్టెంబరు 12న అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ అక్కడి రైస్ యూనివర్సిటీ స్టేడియంలో చేసిన ప్రసంగం, చంద్రయాత్రకు జనాన్ని ఎలా ఒప్పించిందో రాయాలట. బ్రాడీపేటలో మా నాన్న ముందు కూర్చుని, వచ్చీరాని తెలుగులో అదంతా చెప్పడం మొదలుపెట్టింది.

నాన్న పొగాకు కంపెనీలో గుమాస్తాగా రిటైరయ్యారు. మీటింగులంటే పిచ్చి. ఏ పార్టీదైనా సరే, వెళ్ళి వెనక నిలబడి వినొస్తారు. "రైస్ టీమ్ టెక్సస్‌తో ఎందుకు ఆడుతుంది?" అని అక్కడి ఫుట్‌బాల్ పోటీ ఎత్తి కెనెడీ అడిగాడనగానే నవ్వారు. "ఇక్కడికొచ్చినోళ్ళు పల్నాటి పౌరుషం ఎత్తుకోరూ? అదే ఇది. ముందు ఊరోళ్ళ చేత చప్పట్లు కొట్టించాలి."

అంతరిక్షానికి ఏడాదికి 540 కోట్ల డాలర్లు. పెద్ద మొత్తమేనని ఒప్పుకుంటూనే, సిగరెట్లకూ చుట్టలకూ మనం తగలేసేదానికన్నా తక్కువే అన్నాడు కెనెడీ. "మా పొగాకు లెక్క కూడా చెప్పాడా! గడుసోడే." మనిషికి వారానికి 40 సెంట్లు పడేది త్వరలో 50 దాటుతుందని కూడా దాచలేదు. అది నాన్నకు ఇంకా నచ్చింది. నేను ఊరుకోలేక, అదే ఏడాది నవంబరులో నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో "నాకు అంతరిక్షం మీద అంత ఆసక్తేం లేదు" అని నాలుగ్గోడల మధ్య అన్న మాట టేపుకెక్కిందనీ, రష్యాను దాటడమే ఆయన తాపత్రయమనీ చెప్పాను. "మైకు ముందు ఒకటి, తలుపేశాక ఒకటి. కొత్తేముంది?" అన్నారు.

చిక్కు అసలు వాక్యం దగ్గరొచ్చింది.

"మేము చంద్రుడి మీదికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాం."

"మేమా? మరి నేను?"

"నువ్వు అమెరికాలో లేవు కదా తాతయ్యా!"

ఇంగ్లీషులో ఒక్క 'వి'తో పని జరిగిపోతుంది. రాకెట్ ఎక్కేవాళ్ళూ అందులోనే, వారానికి 50 సెంట్లు కట్టేవాళ్ళూ అందులోనే. తెలుగులో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది నోరు తెరవగానే తేలిపోతుంది.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగేసరికి హ్యూస్టన్‌లో మాకు ఉదయం ఏడున్నర దాటింది, స్కూలు బస్సు వేళ. ప్రధాని జొహానెస్‌బర్గ్ నుంచి తెర మీదికొచ్చి, చందమామ ఇక ఒక్క టూరు దూరమేనని పిల్లలు అనే రోజొస్తుందని హిందీలో ప్రాస కట్టారు. నాన్న ఫోన్ చేస్తే ఇది "కంగ్రాట్స్ తాతయ్యా, మీరు దిగారు!" అంది. "మీరేందే, మనం" అన్నారాయన. ఆ రోజు ఆఫీసులో నాకు పని సాగలేదు. మా అపార్ట్‌మెంటు బాల్కనీలో చందమామను చూపించి దీనికి గోరుముద్దలు పెట్టింది నేనే కదా.

"సరిగ్గా ఆలోచించి కాగితం మీద రాసుకురా" అని నాన్న ఆ ఒక్క వాక్యం పురమాయించారు. రాత్రి పెసరట్ల వేళకు తెచ్చింది. 'మేము' కొట్టేసి ఉంది. పక్కన 'మనం' కూడా కొట్టేసి ఉంది. కింద: చంద్రుడి మీదికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాం.

నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"దీన్ని వచ్చే మునిసిపల్ ఎలక్షన్లో నిలబెట్టొచ్చే" అన్నారు నాతో.