రెండు పద్ధతులు, ఒకటే పొద్దున: ఇంటి చదువులో నా అనుభవం

పాపకి ఏడేళ్లు, బాబుకి పదేళ్లు. ఇద్దరినీ ఇంట్లోనే చదివించాలని అనుకున్నాక, ఒక్కదాన్నే చేయలేనని ఒక హోమ్‌స్కూల్ సపోర్ట్ ప్రోగ్రామ్‌లో చేరాను. వారానికోసారి మెంటర్ మేడమ్‌తో వీడియో కాల్, ఇంకో రోజు మిగతా కుటుంబాల పిల్లలతో కలిసి చదవడం, నెలాఖరున పిల్లల పనులన్నీ ఒక ఫైల్‌లో పెట్టి చూపించడం. ఏ పద్ధతిలో చెప్పాలన్నది మన ఇష్టం. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే, ఎందుకంటే చదివిన ప్రతి పద్ధతీ నచ్చింది.

లెక్కలకి మాంటిస్సోరి తీసుకున్నాను. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో చిన్నపిల్లల కోసం మొదలుపెట్టిన పని అది, వస్తువులు చేత్తో పట్టుకుని నేర్చుకోవడం. చదవడానికి ఇంగ్లండ్ విద్యావేత్త షార్లెట్ మేసన్ పద్ధతి: చిన్న చిన్న పాఠాలు, ఒక్కసారి మాత్రమే చదివి విన్నది తిరిగి సొంత మాటల్లో చెప్పడం. రెండూ కలిపి చక్కటి టైమ్‌టేబుల్ వేసి గోడకి అంటించాను. ప్రతి పాఠం 20 నిమిషాలు.

మూడు వారాల్లో ఇల్లంతా చిరాకు. పాప పూసలతో 1000 లోంచి 437 తీసేస్తోంది. వెయ్యి పూసల ఘనాన్ని ఇచ్చి వంద పూసల పలకలు పది తెచ్చుకుంది, అందులో ఒక పలక ఇచ్చి పది కడ్డీలు, ఒక కడ్డీ ఇచ్చి పది విడి పూసలు. అప్పుడే టైమర్ మోగింది. నేను "ఇక తీసేయమ్మా, చదివే టైమ్ అయింది" అన్నాను. "అమ్మా, ఇంకా తియ్యనే లేదు, ఇప్పటిదాకా మార్చుకున్నానంతే" అని ఏడ్చేసింది. నిజమే కదా, అసలు లెక్క మొదలయ్యే చోట ఆపేశాను.

ఆ వారం ఇది చెబితే మేడమ్ ఏమీ తప్పుపట్టలేదు. "ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఏ సబ్జెక్టు, ఏ పద్ధతి, అదే ఎందుకు" అన్నారు. మొదటి రెండూ అయిదు నిమిషాల్లో నిండాయి. మూడో గడి రెండు రోజులు ఖాళీగానే ఉండిపోయింది, అది చూస్తుంటే నాకు నిజంగా భయమేసింది. మళ్లీ కూర్చుని చదివితే అర్థమైంది: మాంటిస్సోరిలో మధ్యలో ఎవరూ కదిలించకుండా దాదాపు మూడు గంటల పని సమయం ఉంటుంది, పిల్లలు తమంతట తాము మునిగిపోవడానికి. మేసన్ పాఠాన్ని చిన్నది చేసింది పిల్లల శ్రద్ధ చెదరకముందే ముగించడానికి. రెండూ శ్రద్ధ కోసమే, కానీ నేను ఒకదాని గడియారాన్ని ఇంకోదాని పని మీద పెట్టాను.

అప్పుడు టైమ్‌టేబుల్ చింపేసి పొద్దున రెండున్నర గంటలు చేతి పనికే వదిలేశాను, టైమర్ లేదు. భోజనం తర్వాత చదవడం, 15 నిమిషాలు, అంతే. మర్నాడే పాప 563 అని రాసుకుని వచ్చి, తను మార్చుకున్న పూసలన్నీ నాకు వరసగా చూపించింది.

బాబుతో ఇబ్బంది వేరు. ప్రశ్నలకి జవాబులు రాయడం అలవాటైన పిల్లాడు, చదివింది చెప్పమంటే నోరు విప్పేవాడు కాదు. ఒక వాక్యం చెప్పగానే నేను "అది కాదు నాన్నా, ముందు ఏం జరిగింది?" అని అందుకునేదాన్ని. అది నా తప్పే. వాడు చెప్తున్నప్పుడు మధ్యలో కల్పించుకోకూడదు, దిద్దాల్సింది ఉంటే అంతా అయ్యాక. నోరు కట్టేసుకోవడం నాకు చాలా కష్టమైంది, కానీ నెల తిరిగేసరికి వాడు పూర్తి పేజీ చెప్పాడు, నేను గమనించని సంగతి కూడా ఒకటి పట్టుకున్నాడు.

ఎక్కాలకి మాత్రం ఏ గొప్ప పద్ధతీ వెతకలేదు. అర్థం పూసలతో వచ్చింది, నోటికి రావడం వల్లె వేస్తేనే వచ్చింది. రోజూ అయిదు నిమిషాలు, వచ్చేసినవి మర్నాడు, మూడు రోజులకి, వారానికి మళ్లీ అడగడం. బట్టీ అని కొందరు తల్లులు మొహం చిట్లించారు, నేను మానలేదు.

కాగితంలో సైన్స్ దగ్గర మూడో గడి ఇంకా పెన్సిల్‌తోనే ఉంది. ప్రకృతి నోట్‌బుక్ పెట్టి రోజూ ఒక మొక్కని చూసి బొమ్మ వేస్తున్నారు, పాపకి ప్రాణం, బాబుకి ప్రయోగాలు కావాలి. వచ్చే కాల్‌లో మేడమ్‌ని అడగాల్సింది అదే.