వెలి

కమిటీ వేసిన జరిమానా కట్టలేదని మా మేనమామ వాళ్లను ఊళ్లో వెలేశారు. నిజామాబాద్ వైపు పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ మాట పంచాయతీ తీర్మానం కన్నా గట్టిది. చేతిలో చట్టం ఉండదు, పెత్తనం మాత్రం బోలెడు.

మొన్న అత్తమ్మతో కిరాణా కొట్టుకెళ్లాను. ఉప్పు ప్యాకెట్లు ఎదురుగానే ఉన్నాయి. "లేదు" అన్నాడాయన, తల ఎత్తకుండానే. ఆయన మీద కోపం రాలేదు. అమ్మితే ఆయనకూ జరిమానా. అసలు టెన్షన్ కోతల గురించి. హార్వెస్టర్ వాళ్లు రామన్నారు, వడ్లు చేలోనే రాలుతున్నాయి.

ఇలాంటి వెలిని ఆపడానికే మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసింది. ఎస్సీ, ఎస్టీల మీదైతే దేశమంతటా అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, 2015 సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణను స్పష్టంగా నేరాల్లో చేర్చారు. మా మామ వాళ్లు బీసీలు, ఆ చట్టం వర్తించదు.

విచిత్రమేంటంటే ఊళ్లో ఎవరూ 'వెలి' అనరు. "జర దూరం పెట్టినం, అంతే" అంటారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే స్టేషన్‌లోనూ అదే మాట: "మాట్లాడకపోతే కేసెట్ల పెడతరు?" హార్వెస్టర్ సంగతీ రాసి కాగితం మళ్లీ ఇచ్చాం. రసీదు అడిగి తీసుకున్నాం.